షావుకారు గారి చేపలు

ఆ రోజుల్లో నేను భయపడనిదంటూ ఏదీ ఉండేది కాదు. ఏలూరులో కాలుష్యం సంగతి చూసే ఒక ఆఫీసు ల్యాబులో కొత్తగా చేరాను. యాసిడ్ సీసాలంటే భయం, మా పెద్ద మేడమ్ గారంటే భయం, అన్నిటికన్నా చేపలంటే భయం. కలిదిండి దగ్గర చెరువుల మధ్య పుట్టినవాడికి చేపలంటే భయమేమిటని నవ్వకండి. నా చిన్నప్పుడు ఒకసారి మా చెరువులోకి తోడిన కాలవ నీళ్ళలో ఏం కలిసిందో ఏమో, పొద్దున్నకల్లా చేపలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలిపోయాయి. గట్టు మీద మా నాన్న కూర్చుండిపోయారు. అప్పట్నించీ కదలని చేపను చూస్తే నాకు అక్కడ నిలబడబుద్ధి కాదు.

అలాంటి నాకు మేడమ్ గారు చేపల కాపలా అప్పగించారు. తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లువాళ్ళు, ధాన్యం నానబెట్టిన నీళ్ళు (ఆ వాసన ఒకసారి తగిలితే రెండు పూటలు అన్నం సహించదు) శుభ్రం చేసి మురుగు కాలవలోకి వదులుతాం, అనుమతి ఇమ్మన్నారు. ఆ కాలవ తిరిగి తిరిగి మా కలిదిండి వైపున్న కొల్లేటి సరస్సులో కలుస్తుంది. "ఎంత శుభ్రం చేస్తే ఒప్పుకోవాలో ఎలా తేలుస్తారండీ?" అని అడిగాను.

"మిల్లు ఎంత శుభ్రం చేయగలదో ఒక లెక్క. కాలవ ఎంత తట్టుకోగలదో ఇంకో లెక్క. అదీ వానాకాలంలో కాదు, పైనుంచి నీళ్ళు ఆపి కాలవలు కట్టేసి, నీరు అడుగంటిన వేసవిలో. దిగువన ఆ నీళ్ళు ఎవరు తోడుకుంటున్నారో కూడా చూడాలి. రెండు లెక్కల్లో ఏది ఎక్కువ కట్టుదిట్టంగా ఉంటే అదే అనుమతిలో రాస్తాం" అన్నారావిడ. "మరి చేపలెందుకండీ?" "లెక్కకి చిక్కని విషం ఏదైనా ఉంటే అవి చెప్తాయి. ఒక తొట్టిలో మంచినీళ్ళు, ఒక తొట్టిలో మిల్లు నీళ్ళు. చూస్తూ ఉండవయ్యా."

చూస్తూ ఉండటానికి మిల్లు షావుకారు గారు కూడా వచ్చేవారు. భారీ మనిషి, తెల్లపంచె. ఆసుపత్రిలో రోగి తాలూకు చుట్టంలాగా వరండాలో కుర్చీ వేసుక్కూర్చుని, నేను బయటికి రాగానే లేచి నిలబడేవారు. "ఏవండీ, మావాళ్ళెలా ఉన్నారండీ?" "ఈదుతున్నారండీ." "ఏవైనా తిన్నారాండీ?" "పరీక్ష అయ్యేదాకా ఏమీ పెట్టకూడదండీ." "అయ్యో పాపం" అని ఆయన కూడా ఆ పూట టిఫిను మానేశారు. అనుమతి రాదేమోనని ఆయన భయం. చేపలు పోతాయేమోనని నా భయం. పోకపోతే అనుమతి వచ్చి, ఆ నీళ్ళు కొల్లేటి మీదుగా మా నాన్న చెరువు దాకా వస్తాయేమోనని ఇంకో భయం. ఆ భయం ఎవరితో చెప్పుకోను?

ఓ మధ్యాహ్నం మేడమ్ గారు భోజనానికి వెళ్ళగానే కరెంటు పోయింది. తొట్లలోకి గాలి పంపే మోటారు ఆగింది. జనరేటరు మొరాయించింది. కాసేపటికి రెండు తొట్లలోనూ చేపలు మూతులు పైకెత్తి గుటకలు వేయడం మొదలెట్టాయి. "షావుకారు గారండీ!" అని కేక పెట్టాను. (పరీక్ష గదిలోకి మిల్లు యజమానిని రానివ్వకూడదన్న ఇంగితం ఆ క్షణాన లేదు.) ఆయన పరుగున వచ్చి, కండువా నడుముకి బిగించి, తొట్టిలో నీళ్ళే చెంబుతో ముంచి, గాలి కలిసేలా ఎత్తు నుంచి ధారగా పోయసాగారు. రెండో తొట్టి దగ్గర మగ్గుతో నేను. "పోకండమ్మా" అని ఆయన, "కాస్త ఓపిక పట్టండి" అని నేను. ఆ కంగారులో ఒక తొట్టి నీళ్ళు ఇంకో తొట్టిలో పడ్డాయి. కరెంటు వచ్చింది. వెనకాలే మేడమ్ గారూ వచ్చారు.

"ఏమిటిది?"

"అభిషేకమండీ" అన్నాను.

నాకు పడ్డ తిట్లు ఇక్కడ రాయను. ఆ పరీక్ష కొట్టేసి, కొత్త చేపలతో మళ్ళీ మొదలెట్టాం. ఈసారి గది గుమ్మానికి తాళం, మోటారుకి బ్యాటరీ. మంచినీళ్ళ చేపలు హాయిగా ఉన్నాయి. మిల్లు నీళ్ళలోవి మాత్రం దక్కలేదు. ఆ కబురు చెప్పమని మేడమ్ గారు నన్నే వరండాలోకి పంపారు. ఆయన అరుస్తారనుకుని, తలుపు పక్కనే నిలబడి చెప్పాను, పారిపోవడానికి వీలుగా. ఆయన కండువా తీసి మడత పెట్టుకున్నారు. "ఒక్కటీ దక్కలేదాండీ?" అన్నారు. లేదన్నాను. "సరే, ఏం చేయాలో మేడమ్ గారినే చెప్పమనండి."

ఇంకో శుద్ధి ట్యాంకు కట్టాలని, కాలవలు కట్టేసిన వేసవిలో చుక్క నీరు కూడా వదలకూడదని షరతులు పడ్డాయి. ఆయన సణుగుతూనే (ఆ సణుగుడు గూడెం నుంచి ఏలూరు దాకా వినబడింది) కట్టించారు. మళ్ళీ పెట్టిన పరీక్షలో చేపలు ఈదాయి. అనుమతి వచ్చింది.

ఇప్పుడు అలాంటి కాగితాల మీద సంతకం పెట్టే కుర్చీలో నేనున్నాను. లెక్కలు సరిచూసి, తడుముకోకుండా సంతకం చేసేస్తాను. సారుకి భలే ధైర్యమని కుర్రాళ్ళు అనుకుంటారు. చేపలేమైపోతాయోనన్న ఆ భయం ఏ రోజున నన్ను వదిలిపోయిందో నాకే తెలీదు. పోయినందుకు సంతోషించాలో, వెళ్ళి వెతుక్కుని తెచ్చుకోవాలో తేలక, ఒక్కోసారి పెన్ను పట్టుకుని నాలో నేనే నవ్వుకుంటాను.