అక్క ఆగని ఒక్కసారి

అశోక్‌నగర్ హాస్టల్‌లో నా పక్క మంచం అక్క ఏ పని చేయబోయినా వేలు గాల్లో ఆపి "జర ఆగు" అనుకునేది. లైటు స్విచ్ వేసేటప్పుడు కూడా. సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదివే మేమంతా నవ్వేవాళ్లం. ఆ భయం ఎక్కడిదో నాకొక్కదానికే చెప్పింది.

చిక్కడపల్లి నెట్ సెంటర్‌లో కూర్చొని, ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో తనకిష్టమైన చరిత్ర రచయిత పేజీ దిద్దుతూ, ఎవరో అన్న మాట నమ్మి, ఆయన పుట్టింది అక్కవాళ్ల జిల్లాలోనే అని సంబరంగా రాసేసిందట. కొన్ని నెలలకు నారాయణగూడలో ఒక సభలో ఆ రచయితే తాను పుట్టింది వేరే జిల్లాలో అని చెప్పాడు. అక్క పరుగున వెళ్లి ఆ వాక్యం తీసేసింది. మర్నాటికి ఎవరో మళ్లీ పెట్టారు. ఈసారి కింద ఆధారం కూడా చూపించారు. అది మేమంతా చదివే కోచింగ్ నోట్సు. ఆ నోట్సు రాసినవాళ్లు అక్క రాసింది చూసే రాసుకున్నారు. సభలో విన్నానని అక్క ఎంత చెప్పినా, అచ్చులో ఆధారం లేని విన్నమాట చెల్లదన్నారు ఆ పేజీ దిద్దే మిగతావాళ్లు.

పరీక్షలో ఆయన పుట్టిన జిల్లా ఏదన్న బిట్టే వచ్చింది. బయటికొచ్చాక అక్క గొంతు తగ్గించి అడిగింది.

"ఏం పెట్టినవే?"

"నోట్సుల ఉన్నదే అక్కా. కీల గదే వస్తది."

"నేను అసలుది పెట్టిన."

సర్కారు వాళ్ల జవాబుల కీ వచ్చింది. మార్కు నాకు పడింది, అక్కకు పోయింది. ఆ కాగితం మీద ఆమె వేలు ఆనించలేకపోయింది.

"ఇగ సర్కారు కాగితం కూడా ఆధారమైతది" అంది. "నేను రాసిన ఆ తప్పును ఇంకెవ్వరు తీయలేరే."