మోచేతికి తగిలిన డ్రమ్ము

ఆదోని కాలేజీలో చదివే రోజుల్లో నేను నౌకాదళ కేడెట్లలో చేరాను. మాలో ఎవరూ సముద్రం చూసినవాళ్ళు కాదు. గాజులదిన్నె జలాశయంలో ఇద్దరేసి నడిపే తెరచాప పడవలు నాలుగు ఉండేవి. ఎనభైల మొదట్లో, ఎండలు ముదురుతున్న రోజుల్లో, అక్కడ మాకు పందెం పెట్టారు. మొదట వచ్చిన జంట విశాఖపట్నం శిబిరానికి పోతుంది.

నా జతగాడు కోసిగివాడు, నాకంటే ఏడాది పెద్ద. అతని ఇంటివాళ్ళు పంట లేని నెలల్లో మూటలు కట్టుకుని బెంగళూరు వైపు కూలికి పోయేవారు. ఆ శిబిరానికి పోయివస్తే నౌకాదళంలో చేరడానికి దారి దొరుకుతుందని మా అధికారి అతనికి చెప్పాడు. అతనికి అదే ఆఖరి ఏడాది. గెలవకపోతే పరీక్షలు కాగానే తానూ మూట కట్టవలసిందే. నాకు ఆ అవసరం లేదు. ఎమ్మిగనూరులో మా నాన్న చర్చి సంఘపెద్ద. నేను ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెప్పేవాణ్ణి.

పందెం మొదలైన కాసేపటికే గాలి పడిపోయింది. చుక్కాని అతని చేతిలో, ముందు తెరచాప తాడు నా చేతిలో ఉన్నాయి. గాలి జాడ తెలియడానికి నేను ఇంటి నుంచి తెచ్చి కట్టిన మగ్గం నూలుపోగు కదలడం మానేసింది. అతను చిన్నప్పటి నుంచి కళ్ళంలో ఎత్తు పీట మీద నిలబడి జొన్నలు తూర్పారబట్టినవాడు. గాలి ఎప్పుడు లేస్తుందో చెవి వెనక చర్మంతో కనిపెట్టేవాడు. అంత తక్కువ గాలిలో మనిషి కదిలితే పడవకున్న కాస్త నడకా పోతుంది. నాకేమో ప్రార్థనంటే చేతులెత్తి ఊగడమే అలవాటు.

"ఏం అయ్యగారూ, ప్రార్థన సేస్తాండావా?" అన్నాడతను, పాస్టరును పిలిచినట్టు.

"గాలి కోసమన్నా."

"సెయ్యి. కదలకుండా కూసోని సెప్పినా మీ దేవునికి ఇనపడతాది. ఊగాకు, పడవ ఆగిపోతాది."

నవ్వితే కూడా కదిలినట్టే. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

ఆఖరి మలుపుకు అందరికంటే ముందు చేరాము. మలుపు గుర్తులంటే ఎర్ర రంగు పూసి, రాయి కట్టి నీళ్ళలో వదిలిన ఖాళీ డ్రమ్ములు. ఎంత దగ్గరగా తిప్పితే అంత దూరం కలిసివస్తుంది. అతను తలెత్తి తెరచాప అంచునే చూస్తూ తిప్పాడు. డ్రమ్ము వైపు కూర్చున్నది నేను. ఎండకు కాలిన ఇనుము నా మోచేతికి చుర్రుమని తగిలింది. డ్రమ్ము కొంచెం ఒరిగి మళ్ళీ నిలబడింది. చప్పుడు కాలేదు. ఎవరూ చూడలేదు.

గుర్తును తాకినవాళ్ళు మళ్ళీ దాని చుట్టూ తిరిగి రావాలి. ఎవరూ చూడకపోయినా తాకినవాడే ఒప్పుకోవాలి. నియమం అది.

చెప్పబోయి ఆగాను. బలికంటే కనికరం గొప్పదని పిల్లలకు నేర్పింది నేనే గదా. నా మనస్సాక్షి కోసం ఇతని బతుకును బలిపెట్టవచ్చా? మరి చిన్నదానిలో నమ్మకంగా లేనివాడు పెద్దదానిలో ఉంటాడా? నేను ఒక్కో వాక్యాన్నే తలుచుకుంటుండగా నూలుపోగు మెల్లగా లేచి అడ్డంగా నిలబడింది.

"వచ్చిందప్పా!" అన్నాడతను గుసగుసగా.

నేను అడిగిన గాలే. అది మమ్మల్ని డ్రమ్ము నుంచి దూరంగా తోసుకుపోతోంది.

"అన్నా, డ్రమ్ము తగిలింది. నా మోచెయ్యి."

అతను వెనక్కి చూశాడు. డ్రమ్ము చాలా చిన్నదిగా కనిపిస్తోంది. రెండో పడవ దాన్ని చుట్టి మా వైపు తిరుగుతోంది.

"ఎవురన్నా సూసినారా?"

"లేదు."

"తగిలినట్లు అనిపించిందా, తగిలిందా?"

మోచెయ్యి చూపించాను. ఎర్రగా కమిలి ఉంది. వద్దులే అని అతనే అంటే బాగుండునని ఆశపడ్డాను. అప్పుడు ఆ తప్పు అతనిదవుతుంది.

"ఇంతసేపు ఏం సేస్తాంటివిరా?" అని చుక్కాని తిప్పేశాడు.

మమ్మల్ని తోసిన గాలే ఇప్పుడు ఎదురుగాలి. ఇటొకసారి అటొకసారి వంకరగా పోవలసి వచ్చింది. మమ్మల్ని దాటిపోతున్న పడవలోవాళ్ళు, మేము ఊరి దారి పట్టామన్నట్టు ఎగతాళిగా అరిచారు: "యాడికప్పా, గోనెగండ్లకా?" డ్రమ్మును చుట్టి, మళ్ళీ గట్టు వైపు తిరిగాము. ఎక్కడ నీటి మీద సన్నని ముడతలు లేస్తే అక్కడికి పడవను పట్టుకుపోయాడు. ముందు పడవ దగ్గరవుతూ వచ్చింది. దాని చుక్కాని పట్టినవాడి మెడ మీద చెమట కూడా కనిపించింది. మాకు ఇంకొక్క పడవ పొడవు మిగిలుండగా వాళ్ళు ముగింపు గీత దాటారు.

రెండుసార్లు ఎందుకు తిప్పారని అధికారి అడిగితే, "తగిలింది సార్" అన్నాడతను. ఎవరి చెయ్యో చెప్పలేదు. పడవను ఒడ్డుకు లాగుతున్నప్పుడు క్షమించమని అడిగాను.

"ఒప్పుకున్నందుకు కాదప్పా నాకు కోపం. తగిలినప్పుడే సెప్పింటే ఆడనే ఒక సుట్టు తిరిగి వస్తాంటిమి. గెలుస్తాంటిమి."

నిజమే. అప్పుడైతే అర నిమిషం పని. పరీక్షలు కాగానే అతను ఇంటివాళ్ళతో బెంగళూరుకు పోయినాడని విన్నాను. తరువాత ఏమైనాడో తెలియలేదు.

సంఘంలో నేను చాలా సాక్ష్యాలు చెప్పాను. దీన్ని చెప్పాలని రెండుసార్లు లేచాను. మా సంఘంలో సాక్ష్యమంటే చివరికి దేవుడు అంతా మేలుకే జరిగించాడని చెప్పాలి. జరిగిస్తాడనే నమ్ముతాను. కానీ అతనికి ఏ మేలు జరిగిందో చూడకుండా, అతని తరఫున ఆ మాట అనడానికి నోరు రాలేదు. రెండుసార్లూ కూర్చున్నాను.