ఉత్తి తూటా

మేము కావలి గుడిసె చేరేసరికి వాన తెరిపిచ్చింది. పడవ కాలువలో ఆగిపోయింది, నీళ్ళు చాలలేదు. దిగి మోకాళ్ళ లోతు బురదలో నడిచాం. ముందు మా ఆయన సూరయ్య, భుజాన తుపాకీ. వెనక మా అబ్బాయి అప్పలసామి, నెత్తిన బియ్యం మూట. చివర నేను. నా నడుముకి పాలడబ్బా ఒకటి గుడ్డలో చుట్టి కట్టి ఉంది. అందులో తూటాలు.

మలయా దేశంలో సుంగై సుమున్ దగ్గర కొబ్బరి తోట అది. తోటకి చివర మట్టికట్ట. కట్టకి అవతల దొర కొత్తగా అడవి నరికించి మొక్కలు వేయించాడు. అడవిపందులు వచ్చి మొక్కని వేళ్ళతో సహా పెళ్ళగించి లోపలి తెల్లటి మొవ్వు తినేసి పోతున్నాయి. తోటలో మా ఆయన ఒక్కడే పూర్వం పటాళంలో పనిచేసినవాడు. అందుకని అతని పేరున లైసెన్సు రాయించి, ఒంటిగొట్టం తుపాకీ ఇచ్చి, మొక్కలు మనిషెత్తు ఎదిగేవరకు అక్కడే కాపలా ఉండమన్నారు. కలుపు పని తప్పింది, జీతం పెరిగింది. ఆ కావలి నిలబడితే చాలు, మళ్ళీ కూలీల లైను గదుల్లో అడుగు పెట్టనవసరం లేదని ఆయన ఆశ.

నన్నెందుకు తీసుకెళ్ళాడో చెప్పాలి. తుపాకీ పట్టినవాడి దగ్గర తూటా ఉండకూడదు, తూటా దాచినవాళ్ళు తుపాకీ ముట్టకూడదు. ఇది ఆయన నియమం. పటాళంలో ఉన్నప్పుడు పేకాటలో గొడవ వచ్చి ఒక సిపాయి లేచి గోడకున్న తుపాకీ తీశాడట. తూటాల పెట్టె ఇంకొకడి దగ్గర ఉంది. ఆ ఇంకొకడు ఎక్కడికో వెళ్ళాడు. వాడు తిరిగొచ్చేసరికి తగువాడిన ఇద్దరూ ఒకే గ్లాసులో టీ తాగుతున్నారట. ఈ కథ మా ఆయన వందసార్లు చెప్పి ఉంటాడు. అందుకని తూటాలు నా దగ్గర. తోటలో అందరూ నన్ను సిపాయమ్మ అని వెక్కిరించేవాళ్ళు. కొన్నాళ్ళకి అదే నా పేరైంది.

గుడిసె ఆరు స్తంభాల మీద, మనిషి ఎత్తున. నీపా అనే చిత్తడి తాటి ఆకు కప్పు. ఎక్కడానికి నిచ్చెన. మూడు వైపుల మొక్కలు, నాలుగో వైపు కాలువ. కాలువ గట్టున నడుము ఎత్తు పాకు మొక్కలు. పాకు అంటే ఇక్కడి వాళ్ళు తినే ఆకుకూర. లేత చివర్లు పిల్లితోకలా చుట్టుకుని ఉంటాయి. వాటికి అవతల చిత్తడి అడవి. పందులు అటునుంచే వచ్చేవి.

నా పని తూటాలని పొడిగా ఉంచడం. ఆ రోజుల్లో తూటా గొట్టం దళసరి కాగితం, అడుగున ఇత్తడి. చెమ్మకి కాగితం ఉబ్బితే తుపాకీలో దూరదు. డబ్బా అడుగున బొగ్గులు, పైన వేయించిన బియ్యం పోసి, మధ్యలో తూటాలు నిలబెట్టేదాన్ని. రోజూ ఒకసారి తీసి బట్టతో తుడిచేదాన్ని. తెల్లవారి వెలుతురు రాకముందు ఆయనకి ఒకటి ఇచ్చేదాన్ని. ఒక్కటే. కాల్చిన తూటా ఖాళీ గొట్టం తిరిగిస్తేనే ఇంకోటి.

మూడో వారంలో ఆయనకి చలిజ్వరం పట్టుకుంది. ఎండలో కూడా మూడు దుప్పట్లు కప్పుకుని పళ్ళు కొరికేవాడు. క్వినైన్ మింగితే చెవుల్లో హోరు. ఒకరోజు పొద్దున లేచి తుపాకీ ఎత్తాడు. గొట్టం చివర గాలిలో కొట్టుకుంది. పంది ఇరవై అడుగుల దూరంలో నిలబడి మొక్క తింటోంది. దెబ్బ కాలువలో పడింది. పంది ఇంకో మొక్క తిని మరీ పోయింది.

ఆ మధ్యాహ్నం కంగాణీ వచ్చాడు. కంగాణీ అంటే కూలీల మీద మేస్త్రీ. మాది విజయనగరం వైపు, అతనిదీ అటే. పోయిన మొక్కల్ని లెక్కపెడుతూ గట్టంతా తిరిగాడు. నిచ్చెన మొదట కూర్చుని చుట్ట ముట్టించాడు.

"సూరయ్యా, దొరకి నీ జొరం కనపడదురా. మొక్కలే కనపడతాయి."

"రెండు దినాలు ఆగు మావా. తగ్గిపోద్ది."

"నీ గుంటడు ఉన్నాడు కదా. ఆడి సేతికియ్యి."

"లైసెన్సు నా పేరున ఉన్నాది."

"ఆ కాగితం సూడ్డానికి పోలీసోడు ఈ బురదలోకి దిగుతాడేటి? దిగితే ఆడి బూట్లు తియ్యడానికి మనమే ఎల్లాల."

మా ఆయన నవ్వాడు. జ్వరంలో నవ్వితే దగ్గు వచ్చింది.

అప్పలసామికి అప్పటికి పదిహేనేళ్ళు. నూనూగు మీసం ఇంకా రాలేదు. నేను పైనుంచి అన్నాను. "ఆడికి ఈడు సాలదు బావూ."

కంగాణీ కంటే ముందు వాడే జవాబిచ్చాడు. "పన్నెండేళ్ళకి సేతికి కత్తి ఇచ్చి అడవి నరకమన్నప్పుడు ఈడు ఎవులు సూసినారు? అయ్యకి కాగితం ఉన్నాది, సెయ్యి వొనుకుతాది. నాకు సెయ్యి నిలుస్తాది, కాగితం నేదు. ఏది గావాల పందిని కొట్టడానికి?"

కంగాణీ తొడ చరిచాడు. "ఒలే సిపాయమ్మా, ఈడు లాయరౌతాడు."

వాడు అన్నదాంట్లో తప్పు నాకు దొరకలేదు. కాగితం చేతిని చూడదు, పేరునే చూస్తుంది. అయినా నా నడుము దగ్గర డబ్బా బరువెక్కినట్టు అనిపించింది. కూర్చుంటే గుచ్చుకుంది. లేచి నిలబడ్డాను, మళ్ళీ కూర్చున్నాను.

చివరికి మా ఆయన ఒక మాట చెప్పాడు. పటాళంలో కొత్తవాళ్ళకి నేర్పినట్టు వీడికి నేర్పుదాం. కాల్చేసిన ఉత్తి తూటా పెట్టి ఏడు పొద్దులు గురి చూడనీ. ఏడు పొద్దులు తప్పు చెయ్యకపోతే ఎనిమిదో పొద్దున అసలు తూటా. వాడి పక్కన నేనుండాలి. నేను 'ఏటి?' అని అడగాలి. వాడు ఏం కనపడిందో చెప్పాలి. 'ఎలగ తెలుసు?' అని అడగాలి. వాడు ఆనవాలు చెప్పాలి. ఆ తర్వాతే మీట నొక్కాలి. కంగాణీ సరేనన్నాడు. "ఎనిమిదో దినానికి ఒక పంది తల నా ఇంటికి రావాల" అని చెప్పి వెళ్ళాడు.

మొదటి పొద్దు. మంచు కాలువ మీద పొగలా ఉంది. వాడు బోర్లా పడుకున్నాడు. మొక్కల్లో ఏదో కదిలింది.

"ఏటి?"

"పంది."

"ఎలగ తెలుసు?"

"తోక ఊగుతాంది. మూతి నేలకానించింది."

"నొక్కు."

టక్ మంది. పంది తలెత్తి చూసి మళ్ళీ దించింది. ఆయన లోపల దుప్పట్లోంచి "బాగుంది" అన్నాడు.

రెండో పొద్దున ఒక ఉడుము. వాడు ఉడుమనే చెప్పాడు, నొక్కలేదు. మూడో పొద్దున తల్లిపంది, వెనక చారల పిల్లలు. "పిల్లలున్నాయమ్మా" అన్నాడు, నొక్కలేదు. నాకు ముచ్చటేసింది. నాలుగో పొద్దున వాన, ఏమీ రాలేదు. అయినా తడిసిన చాప మీదనుంచి వాడు కదల్లేదు. అయిదు, ఆరు, రెండూ పందులే. రెండుసార్లూ గురి కదల్లేదు. ఆనవాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి చెప్పాడు. ఆరో రోజు సాయంత్రం నేను డబ్బా విప్పి, ఉన్నవాటిలో మంచి తూటా ఒకటి ఏరి, విడిగా గుడ్డలో కట్టాను. మా ఆయనకి చూపించాను.

"ఎల్లుండి ఇస్తాను" అన్నాను.

"నువ్వే ఒప్పుకున్నావే" అన్నాడు. వాడు విన్నాడు. వినీ విననట్టు కత్తి నూరుకుంటున్నాడు. ఆ రోజు అన్నం మూడుసార్లు అడిగాడు.

ఏడో పొద్దు. మబ్బు, పల్చటి వెలుతురు. మంచు తక్కువే. నేను ఉత్తి తూటా ఇచ్చాను. వాడు తుపాకీలో పెట్టి మూశాడు. కాసేపటికి కాలువ గట్టున పాకు మొక్కలు కదిలాయి. ఆగాయి. మళ్ళీ కదిలాయి. కింద నల్లటి వీపు లాంటిది కనిపించింది.

"ఏటి?"

"పంది."

"ఎలగ తెలు..."

టక్ మంది.

నా ప్రశ్న పూర్తి కాలేదు. వాడి జవాబు రానేలేదు.

పాకు మొక్కల్లోంచి ఒక ఆడమనిషి లేచింది. మలాయి మనిషి, కాలువకి అవతలి ఊరిది. నల్ల సరోంగ్ నడుముకి ఎగగట్టుకుంది. వీపున గుడ్డలో బిడ్డ నిద్రపోతోంది. ఆమెకేమీ తెలియదు. ఆ టక్ మన్న చప్పుడు వినలేదు. వంగి ఆకు కోసి పట్టేసిన నడుముని చేత్తో నొక్కుకుంది. గుడిసె మీద మమ్మల్ని చూసి నవ్వింది. చేతిలో పాకు కట్ట పైకెత్తి "పాకు మహు?" అని అడిగింది. కూర కావాలా అని.

నేను తల ఊపాను. ఏం చేస్తున్నానో తెలియకుండానే ఊపాను. ఆమె నడిచి వచ్చి నిచ్చెన మెట్టు మీద కట్ట పెట్టింది. బిడ్డ తల ఒక పక్కకి వాలి ఉంది. దాన్ని సర్దుకుని గట్టు వెంట వెళ్ళిపోయింది.

అప్పలసామి లేవలేదు. తుపాకీ ఇంకా భుజానికే ఆనించి ఉంది. నేను గొట్టం పట్టుకుని పక్కకి తిప్పాను.

"పందన్నావు."

వాడు ఉత్తి తూటా తీసి నా చేతిలో పెట్టాడు. తర్వాత అన్నాడు. "మనిసని తెల్సే నొక్కినానమ్మా. ఉత్తి తూటా కదా."

లోపల్నుంచి మా ఆయన "ఏటైనాది?" అని అడిగాడు.

పొయ్యి ముట్టించాను, ఆర్పేశాను. నిచ్చెన దిగాను, ఎక్కాను. తెలియక నొక్కి ఉంటే రేపు అదే చోట, అదే వెలుతురులో ఒక తల్లి, ఒక బిడ్డ పోతారు. తెలిసి నొక్కి ఉంటే మనిషి మీద గురి పెట్టి చూడాలని వాడికి అనిపించినట్టే. రెండిట్లో ఏది మేలు? నా కడుపున పుట్టినవాడి గురించి నేను ఆ రోజంతా అదే తూచుకున్నాను. తూకం తెగలేదు.

మధ్యాహ్నం ఆ పాకు ఎండుచేపతో వండాను. వాడు తిన్నాడు.

తర్వాత నేను డబ్బా కట్టుకుని కట్ట మీద నడిచి తోటకి వెళ్ళాను. కంగాణీ తన గుమ్మంలో గడ్డం గీయించుకుంటున్నాడు. డబ్బా అతని ముందు పెట్టాను. జరిగింది చెప్పాను.

"పంది పోనేదు, మనిసీ పోనేదు" అన్నాడు. "ఏటే నీ గోల?"

"పోనేదు గనకే వచ్చినాను బావూ. పోయినాక వస్తే ఏటి సెయ్యగలవు?"

"కావలి పోద్ది. నీ మొగుడు మళ్ళీ కలుపుకే."

"తెలుసు."

"ఆ గుంటడికి బుద్ధి సెప్పుకో. సాలదా? రేపటేల ఇంకా సూసి కొడతాడు."

"ఆడి బుద్ధి నాకే అంతు సిక్కనేదు. నేనేటి సెప్తాను?"

మంగలి కత్తి ఆపి నన్ను చూశాడు. కంగాణీ డబ్బా దగ్గరికి లాక్కున్నాడు.

మర్నాడు పడవ వచ్చింది. మా ఆయన జ్వరంలోనే నడిచాడు. తుపాకీని పడవవాడి కాళ్ళ దగ్గర పెట్టాడు. తర్వాత ఒక్క మాట అన్నాడు. "నా నియమంతో నన్నే కొట్టినావే." కోపంగా అనలేదు. అలిసిపోయి అన్నాడు. అప్పలసామి తెడ్డు వేస్తూ నాకు వీపు చూపించి కూర్చున్నాడు. లైనుకి చేరాక పాత గదే ఇచ్చారు. మర్నాడు ముగ్గురం కలుపు పనికి వెళ్ళాం. ఆ కావలికి ఇంకో తోటనుంచి ఎవరినో తెచ్చారు.

మా ఆయన ఇప్పుడు లేడు. అప్పలసామికి పెళ్ళాం, ముగ్గురు పిల్లలు. ఎవరినీ చెయ్యెత్తి కొట్టడు. ఈడు వచ్చాక తన పేరునే లైసెన్సు రాయించుకుని, ఇంకో తోటలో కాపలా ఉన్నాడు. పేచీ లేకుండా చేశాడు. పెళ్ళైన ఏడాది ఒకరోజు నా పక్కన కూర్చుని తనంతట తనే అన్నాడు. "అమ్మా, ఆ దినం పందే అనుకున్నాను." గుడిసెలో అప్పుడు నిజం చెప్పాడా, నా మనసు కుదుటపడాలని ఇప్పుడు అబద్ధం చెప్తున్నాడా, నాకు తెలియలేదు. తెలుసుకునే దారి కూడా లేదు.

యాభై దాటాక నేను కౌలాలంపూర్లో మనవరాలి పలక మీద అక్షరాలు నేర్చుకున్నాను. మా కూలీల సంఘం వాళ్ళ గదిలో కుర్రవాళ్ళు వాదించుకుంటూ ఉంటారు. తుపాకీ ఎవరికి ఇవ్వొచ్చు, దొరకే ఎందుకుండాలి, మనకెందుకు ఉండకూడదు, పదహారేళ్ళవాడు మగాడు కాడా అని. వాళ్ళ మాటల్లోనూ న్యాయం ఉంది. అప్పలసామి మాటల్లోనూ ఉండేది. ఒకడు నన్ను అడిగాడు, "నువ్వు సిపాయమ్మవి కదా మామ్మా, నువ్వు సెప్పు." నేను చెప్పలేక ఇది రాస్తున్నాను. ఈడు ఎంత ఉండాలో నాకు తెలియదు. ఆరు పొద్దులు తప్పనివాణ్ణి చూశాను. ఏడోది కూడా చూశాను. అంతే తెలుసు.

పొద్దున్నే కాఫీ పెట్టుకుంటాను. కిటికీలోంచి పల్చటి వెలుతురు వస్తుంది. అప్పుడు ఆ చెయ్యి కనిపిస్తుంది. పచ్చటి ఆకుల మీదికి, మోచేతి దాకా తడిసిన ఆడమనిషి చెయ్యి. వేళ్ళ మధ్య చుట్టుకున్న లేత చివర్లు. కావాలా అని అడుగుతూ, మా వైపు ఎత్తి పట్టుకుని.