జువ్వలదిన్నెలో ఒక్క సీసా నీళ్లు

ఆగస్టు చివరి వారంలో ఒక బుధవారం ఉదయం ఆరున్నరకు వెంకటాచలంలో బస్సెక్కాను. చేతిలో సూక్ష్మదర్శిని పెట్టె. పిడి ఒకవైపు ఊడిపోవడంతో దాన్ని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకోవాల్సి వచ్చింది. ముప్పయ్యేళ్లు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. అంతకాలానికి నాదంటూ మిగిలిన సామాను అదే.

నన్ను బయల్దేరదీసినవాడు సుధాకర్, నా పాత విద్యార్థి. జువ్వలదిన్నె దగ్గర చిన్న రొయ్యల హేచరీ నడుపుతున్నాడు. మూడు తొట్లలో రొయ్య పిల్లల్ని పెంచి చెరువుల రైతులకు అమ్ముతాడు. ఆ పిల్లల్ని వాళ్లు సీడ్ అంటారు. తొట్లలో సముద్రపు నీళ్లు మారుస్తూ ఉండాలి. కిందటి నెల అలా మార్చిన మర్నాడే సీడంతా చచ్చిపోయింది. కారణం తెలియలేదు. మళ్లీ నీళ్లు మార్చే రోజు వచ్చింది. ఈసారీ పోతే హేచరీకి తాళం వేయడమేనని ముందు రోజు ఫోన్లో చెప్పాడు. "రోజూ నీళ్లు చూస్తానే ఉండా మేడం. తేటగానే ఉండాయి. మీరొక్కసారి వచ్చి చెప్పండి," అన్నాడు.

నెల్లూరులో ఎనిమిది దాటాక ప్యాసింజరు రైలు దొరికింది. ఎదుటి సీట్లో అల్లూరు వైపు నాట్లకు పోతున్న ఒక పెద్దావిడ పెట్టెలో ఏముందని అడిగింది. కంటికి ఆనని వాటిని పెద్దగా చూపించే మిషనని చెప్పాను. "కంటికి ఆనేవే చాలా ఉండాయి గదమ్మా," అని కిటికీ వైపు తిరిగింది. ఆ మాటను నేనింకాస్త పట్టించుకుని ఉండాల్సింది.

జువ్వలదిన్నె చూడాలనుకునేవాళ్లు కావలి దాకా పోనక్కర్లేదు. బిట్రగుంటలో దిగితే దగ్గర. స్టేషన్ బయట ఇడ్లీ తిని, తొమ్మిదిన్నరకు షేర్ ఆటో ఎక్కాను. ఆటో నిండేదాకా డ్రైవరు కదల్లేదు. పదిన్నరకు హేచరీ గేటు దగ్గర దింపాడు.

ఆలస్యం చేయకుండా ఒడ్డుకు పోయాం. నీళ్లు తోడే గొట్టం ఇసుకలోంచి సముద్రంలోకి దిగి, అలలు విరిగే చోటు దాటి పోయింది. సుధాకర్ రోజూ నీళ్లు పట్టే చోటునే మోకాళ్ల లోతున నిలబడి ఒక సీసా నింపాను. వరండాలో బల్ల మీద ఒక చుక్క పెట్టి చూశాను. అక్కడొకటి ఇక్కడొకటి వృక్షప్లవకాలు, అంటే సముద్రంలో తేలే కంటికి ఆనని మొక్కల్లాంటివి. మితిమీరితే నీళ్లు చెడతాయి గానీ, ఇవి భయపడేంత లేవు.

ఇంకోచోట కూడా చూడక్కర్లేదా అని సుధాకర్ అడిగాడు. నేను క్లాసులో ఏం చెప్పానో గుర్తుందా అన్నాను. అతను నవ్వి, అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి ఒక్క మెతుకు చాలు అని అప్పజెప్పాడు. ఏటా నమూనాల పాఠం నేనా సామెతతోనే మొదలుపెట్టేదాన్ని. కాలేజీ వదిలినప్పటి నుంచి ఇతను ఒకే చోట, రోజుకొక సీసా నింపుతూ వచ్చాడు. పదకొండింటికి పంపు వేయమన్నాను. ముందు మూడో తొట్టికి నీళ్లు వదిలాడు.

ఇరవై నిమిషాలైందేమో. పక్క బోరింగు దగ్గర ఒక మనిషి వలను మంచినీళ్లతో కడుగుతున్నాడు. సముద్రంలో తడిసిన వలకు మంచినీళ్లెందుకని అడిగాను. అతని పేరు పోలయ్య, తెల్లవారుజామునే వేటకు పోయి వచ్చాడు. వలను నా ముందు పెట్టాడు. వేళ్లకు పచ్చటి జిగురు అంటుకుంది.

"లోపల పచ్చ పట్టింది అక్కా. చేప ఒక్కటి నిలవదు. వల ఇట్టా కడక్కపోతే కంపు కొడతాది," అన్నాడు.

ఆ జిగురును అద్దం కింద పెట్టాను. సగ్గుబియ్యాన్ని బాగా కుదించినట్టు గుండ్రటి కణాలు, ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. అవి పగిలితే రొయ్య పిల్లల్ని చంపే అమోనియా నీళ్లలోకి దిగుతుంది. హేచరీలో నీళ్లు వడగట్టే ఇసుక దాన్ని ఆపలేదు. సుధాకర్ పరుగెత్తి పంపు ఆపాడు.

పన్నెండింటికి పోలయ్య ఫైబర్ బోటులో నన్ను లోపలికి తీసుకుపోయాడు. అప్పుడు కనబడింది. పచ్చటి చార, దాని పక్కనే మామూలు నీలం, మళ్లీ పచ్చ. అంచు ఎంత స్పష్టంగా ఉందంటే, బోటు ముక్కు పచ్చలో ఉంటే వెనక భాగం నీలంలో ఉంది. చారలో నింపిన సీసా బెండకాయ నీళ్లలా ఉంది. పక్కన నింపింది తేట. గాలి, నీటి వాలు వాటిని ఒకచోట కుప్పలేస్తాయనీ, మరోచోట చెదరగొడతాయనీ నాకు తెలియక కాదు, పుస్తకంలో చదివి చెప్పిందే. అయినా సీసా మాత్రం ఒక్కచోటే నింపాను.

నా మెతుకు సామెత పోలయ్యకు చెప్పాను, తప్పు ఒప్పుకున్నట్టుగా. అతను నీళ్ల వైపు చెయ్యి చూపించాడు.

"అన్నమైతే పొయ్యి మీద ఒక్కచోట ఉంటాది అక్కా. ఇది నడస్తా ఉంటాది."

చేపలుండే చోటికి తమకు గుర్తులుంటాయట. ఒడ్డున తాడిచెట్టు, దాని వెనక సెల్ టవరు ఒక వరసలోకి వస్తే అక్కడ వల వేస్తారు. ఈ పచ్చకు అలాంటి గుర్తు పెట్టలేమన్నాడు. ఎండు కొబ్బరిపీచు నీళ్లలో వదిలి, అది కొట్టుకుపోయే తీరు చూసి, పచ్చ చార గొట్టం మొన దాటిపోతోందని, వెనక నీలం వస్తుందని లెక్కగట్టాడు.

గొట్టం మొన పైన బోటు నిలిపి ఎదురుచూశాం. నేను సీసా తర్వాత సీసా నింపాను. ఒంటిగంటన్నరకు వరసగా మూడు సీసాలు తేటగా వచ్చాయి. సముద్రం మీంచి ఒడ్డుకు కబురు చెప్పడానికి వీళ్లకు తువ్వాలే ఫోను. పోలయ్య లేచి నిలబడి ఎర్ర తువ్వాలు పైకెత్తాడు. ఒడ్డున పంపు మొదలైంది. చెయ్యి లాగుతున్నా దించలేదు. అరగంట దాటాక ఉత్తరాన మళ్లీ పచ్చ కనబడింది. తువ్వాలు దిగింది. ఆలోపల రెండు తొట్లకు సరిపడా నీళ్లు దొరికాయి.

మూడింటికి సుధాకర్ ఇంట్లో చేపల పులుసుతో భోజనం. బాగుందని నోటితో అన్నాను గానీ, మనసంతా మూడో తొట్టి దగ్గరే ఉంది. నాలుగింటికి బయల్దేరి బిట్రగుంటలో అయిదున్నర బండి అందుకున్నాను.

తలమంచి దాటాక ఫోన్ మోగింది. రెండు తొట్లలో పిల్లలు చురుగ్గా ఈదుతున్నాయన్నాడు సుధాకర్.

"మూడోదాంట్లో సీడంతా చచ్చి అడుక్కు పోయింది మేడం. పర్లేదు, రెండు మిగిలినాయి. ఇంక తాళం యెయ్యనక్కర్లేదు."

ఆ తొట్టి నా మాట మీద నింపిందేనని, తప్పు నాదని చెప్పాను. అతను ఒప్పుకోలేదు. రేపటి నుంచి పోలయ్య బోటులో పోయి చూశాకే పంపు వేస్తానని ఫోన్ పెట్టేశాడు. నాకు సిగ్గేసింది. అతను ఒక్కమాట అని ఉంటే అంత వేసేది కాదు.

ఒడ్డు నుంచి చూస్తే సముద్రమంతా ఒకటే నీళ్లు. బోటెక్కితే పక్కపక్కనే వేరు వేరు నీళ్లు. ఇంతకు మించి ఈ ప్రయాణం గురించి నేను చెప్పేది లేదు. కానీ ముప్పయ్యేళ్ల పాటు ఎన్ని తరగతులకు ఆ మెతుకు పాఠం చెప్పాను? వాళ్లలో ఎందరో ఈ తీరం పొడవునా హేచరీల్లోనే పనిచేస్తున్నారు. ఈ సాయంత్రం ఎవరు ఏ ఒడ్డున మోకాళ్ల లోతులో నిలబడి ఒక్క సీసా నింపుతున్నారో.

పెట్టె పక్క సీట్లో పెట్టి, ఫోన్లో పేర్లు వెతికాను. పదకొండు మంది నంబర్లు దొరికాయి. నెల్లూరు వచ్చేలోపు ముగ్గురికి చెప్పగలిగాను.