నూగుమీసమూ వంటింటి పసుపూ

మా అమ్మాయి తొమ్మిదో తరగతికి వచ్చిన కొత్తలో మాస్కు పెట్టుకోవడం మొదలుపెట్టింది. దుమ్ము ఎక్కువగా ఉందంది. గుండ్లపోచంపల్లిలో మా కాలనీ పక్కనే గోదాములు కడుతున్నారు, లారీలు తిరుగుతుంటాయి, కాబట్టి నమ్మాను. అప్పటికి నా భార్య పోయి ఎనిమిది నెలలు. ఆ రోజుల్లో ఎవరు ఏం చెప్పినా నమ్మేవాణ్ణి.

అసలు సంగతి ఇంకో రెండు నెలలకు బయటపడింది. శామీర్‌పేటలోని ఒక స్కూల్లో శనివారం వక్తృత్వ పోటీ పెట్టారు. వీళ్ళ బడి తరఫున మా అమ్మాయిని ఎంపిక చేశారు. తనకు చిన్నప్పటి నుంచీ మాట్లాడటమంటే ఇష్టం. తల్లి పోయాక ఇంట్లో ఆ గొంతు వినబడటం తగ్గింది. ఈ పోటీతో మళ్ళీ మొదలవుతుందని ఆశపడ్డాను. వేదిక మీద మాస్కు తీయాలని టీచర్ చెప్పగానే పేరు వెనక్కి తీసుకుంటానంది. ఎందుకని రెండు రోజులు అడిగితే మాస్కు కిందికి లాగి చూపించింది. పై పెదవి మీద నల్లటి నూగు, చెంపల పక్కన మరికొంచెం. స్కూలు బస్సులో ఎవరో మీసాలని వెక్కిరించారట.

"నేను మాట్లాడుతుంటే అందరూ ఇక్కడే చూస్తారు నాన్నా," అంది.

నాకు తెలిసిన పని చదవడం. చదివాను. కొంపల్లిలో ఒక డాక్టరమ్మకు కూడా చూపించాను. ఆవిడ పరీక్షలు చేయించి, గాభరా పడాల్సిందేమీ లేదనీ, కొన్ని కుటుంబాల్లో ఇది మామూలేననీ, తీయించుకోవాలో వద్దో అమ్మాయి ఇష్టమనీ చెప్పింది. మీ ఇళ్ళల్లో ఎవరికైనా ఉందా అని అడిగితే లేదన్నాను.

మా పక్కింటివాళ్ళు ఇక్కడి పొలాలు ప్లాట్లు కాకముందు నుంచీ ఉన్నవాళ్ళు. మా అమ్మాయి ఆ ఇంటి అవ్వను అడిగి వచ్చింది. కస్తూరి పసుపు, సెనగపిండి, మీగడ కలిపి పది నిమిషాలు ఉంచి రుద్దమందట. కస్తూరి పసుపు వేరే దుంప అని, రంగు అంటదని, ముఖానికే వాడతారని నాకు తెలియదు. పసుపులో అదొక మేలురకం అనుకున్నాను. మా ఇంట్లో ఉన్నది అంతకన్నా మేలైనది, మా గుంటూరు వైపు ఊరిలో పట్టించి తెచ్చుకున్నది. గురువారం సాయంత్రం నేనే కలిపి ఇచ్చాను. పది నిమిషాలు ఏం సరిపోతుందని గంట ఉంచమన్నాను.

కడిగాక ముఖమంతా పచ్చగా తేలింది. నూగు పోలేదు సరికదా, ఆ పసుపు మీద ఇంకా నల్లగా కనిపించింది. సబ్బు, పాలు, నిమ్మకాయ, ఏవీ పనిచేయలేదు. శుక్రవారం బడి మానేసింది. పొద్దున పాల ప్యాకెట్ల కోసం గేటు దాకా వెళ్ళిన ఆ కాసేపట్లోనే అవ్వ కోడలు చూసింది.

పదకొండు గంటలకు నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. ముందు అవ్వ. వాళ్ళ చేతుల్లో ఎండుకొబ్బరి కుడుకలు, నువ్వులు, బెల్లం, ఒక కొత్త ఓణీ. ముఖాన పసుపు చూసి, బడి మానేసిందని విని, పిల్ల పెద్దమనిషి అయిందనుకున్నారు. పది నెలలుగా మా గడప తొక్కినవాళ్ళంతా పరామర్శకు వచ్చినవాళ్ళే. అది వేరే పసుపని నేను చెప్పబోయాను. అవ్వ వినలేదు.

"ఆమె పొయ్యి ఏడాది గాలేదని సోచాయించకు సారూ. తల్లి లేదని పిల్లను గట్లనే ఇడిసిపెడ్తమా?"

మా అమ్మాయి గదిలోంచి వచ్చింది. "అది పోయినేడాదే అయింది అవ్వా. అమ్మ ఎవరికీ చెప్పొద్దంది."

అవ్వ కుర్చీ లాక్కుని కూర్చుంది. "పక్కింట్ల ఉండి మాకు జెప్పకుంటనే పెద్దమనిషివైనవా? మరి గీ పసుపేంది?"

సంగతి విన్నాక ఎవరు ముందు నవ్వారో గుర్తు లేదు. కోడలైతే గోడ పట్టుకుంది. "సారు కూరల పసుపు పూసిండు. ఇగ పోపు వెట్టుడే తక్కువ." నాకూ నవ్వొచ్చింది. అవ్వ మా అమ్మాయి చెయ్యి పట్టుకుని తన గడ్డానికి రాసుకుంది. అక్కడ నాలుగైదు తెల్ల వెంట్రుకలు గుచ్చుకున్నాయని మా అమ్మాయి తర్వాత చెప్పింది.

"మీ అమ్మకు లేకుండెనా?" అంది కోడలు. "నెలకోసారి మేమిద్దరం మేడ్చల్ల పార్లర్‌కు పొయ్యి దారంతోటి తీయించుకునేటోళ్లం. నీకన్న మస్తుండె ఆమెకు."

పదహారేళ్ళ కాపురంలో నాకు ఈ సంగతి తెలియదు. మేడ్చల్‌కు కూరగాయల కోసమని వెళ్ళేది, కూరగాయలు తెచ్చేది కూడా. ఆమె గురించి కొత్తగా తెలిసేదేమీ ఇక ఉండదనుకుంటున్న రోజులవి. ఆ మధ్యాహ్నం చాలాసేపు సంతోషంగా ఉన్నాను.

మా అమ్మాయి కోడలి పక్కన చేరి ఒకటే ప్రశ్నలు. అమ్మకు నొప్పి పుట్టేదా, ఏడ్చేదా, ఎన్నో ఏట మొదలైందని. ఏడవలేదు గానీ, దారం ఆడుతుంటే అమ్మకు తుమ్ముల మీద తుమ్ములు వచ్చేవట. కావాలంటే ఇప్పుడే తీసుకుపోతానంది కోడలు. మా అమ్మాయి కాసేపు ఆలోచించి, ముందు పోటీ అయిపోనీ, తర్వాత చూద్దామంది. అవ్వ ఏం మాట్లాడతావో జర మాకూ వినిపించమంటే, నువ్వులూ బెల్లమూ నములుతున్న ఆ నలుగురి ముందు లేచి నిలబడి, చెరువుల మీద తన ప్రసంగం మొత్తం వినిపించింది.

శనివారానికి పసుపు కాస్త తగ్గింది, పూర్తిగా పోలేదు. మాస్కు లేకుండానే వేదిక ఎక్కింది. ముందు వరసలో ఇద్దరు పిల్లలు గుసగుసలాడుకున్నారు. తను అది చూసింది. గొంతు పెంచింది.

బహుమతి రాలేదు. కిందికి దిగి వచ్చి, మధ్యలో ఒక పాయింటు వదిలేశాను, తెలిసిందా అని అడిగింది. తెలియలేదన్నాను. స్కూటర్ మీద ఇంటికి వచ్చిన దారంతా నా వెనక కూర్చుని ఆ పాయింటు చెబుతూనే ఉంది.