జేబురుమాల్లో అయస్కాంతం

మా పెదనాన్నగారు పోయారన్న కబురు నాకు కూరల మార్కెట్లో తెలిసింది. పెద్దమ్మ ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు లేదు. "కాఫీ ఇచ్చేనమ్మా. పేపరు చదవడం అయిపోయి మడతపెట్టి పక్కన పెట్టుకున్నారు. కుర్చీలోనే ఉన్నారు, పిలిస్తే పలకలేదు. నువ్వు రా" అంది. చేతిలోని సంచీ ఎవరి బల్ల మీదో వదిలేసి బయల్దేరాను. ఆ సంచీ మళ్ళీ తెచ్చుకోలేదు.

ఆయన ఇరిగేషన్ ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. కార్లకూ ఆయన ఉద్యోగానికీ ఏ సంబంధమూ లేదు. మెకానిక్కు అసలే కాదు. స్కూటరు ప్లగ్గు విప్పి, మళ్ళీ బిగించడం రాక, మండుటెండలో తోసుకుంటూ ఇంటికొచ్చిన మనిషి. అయినా రాజమండ్రిలో మా చర్చికి వచ్చే కుటుంబాల్లో ఎవరు పాత కారు కొనాలన్నా ముందు ఆయన వచ్చి చూడాల్సిందే. కారు చూడటానికి వెళ్ళే రోజు పెళ్ళిచూపులకు వెళ్తున్నట్టు ఇస్త్రీ చొక్కా వేసుకునేవారు. సమాధుల తోటలో మట్టి వేస్తున్నప్పుడు తల తిప్పి చూస్తే, గేటు బయట నిలబెట్టిన కార్లలో సగం ఆయన తట్టి, వాసన చూసి, సరేనన్నవే. నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఆయన జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతం ఉండేది. పాడైపోయిన రేడియో స్పీకరులోంచి తీసింది. కారు రంగు మీద గీత పడకూడదని దాన్ని గళ్ళ జేబురుమాల్లో మూటకట్టి, తలుపుల మీదా బురదరేకుల మీదా మెల్లగా జరిపేవారు. రేకు ఉన్నచోట అతుక్కునేది. గుద్దేసి లప్పం పెట్టి రంగు వేసినచోట జారిపోయేది. జారినప్పుడల్లా ఆయన అమ్మే మనిషి మొహంలోకి చూసేవారు. కోపంగా కాదు, పరీక్షలో తప్పిన పిల్లాడి మార్కుల కాగితం చూసిన మేస్టారిలా.

నాకోసం మొదట ఒక కారు చూసినప్పుడు నేనే వెంట ఉన్నాను. తెల్లవారకుండానే వెళ్ళాలన్నారు. ఎందుకంటే అమ్మేవాళ్ళు ఒకసారి స్టార్ట్ చేసి ఉంచితే జబ్బులన్నీ దాక్కుంటాయట. బానెట్టు మీద అరచేయి పెట్టి, చల్లగా ఉందని తేల్చుకున్నాకే నోరు విప్పారు. ఆయన మొదటి ప్రశ్న ఎవరినైనా ఒకటే. "గోదారొచ్చినప్పుడు ఈ కారు ఎక్కడుందండి?" కారు అమ్ముతున్న కాంట్రాక్టరు గారు, మేడ మీద ఉన్నట్టే లెక్క, నీళ్ళు తగల్లేదన్నారు. పెదనాన్నగారు డిక్కీలో స్టెప్నీ తీయించి, ఆ గుంటలో గోరుతో గీకి, వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "ఒండ్రు వాసనండి. కారు మునిగింది. మీరు దాచేరని కాదు, మీకు అమ్మినాయన దాచేడేమో" అన్నారు.

ఆయన పద్ధతి అది. లోపం ఉంటే అమ్మే మనిషి ఎదురుగానే చెప్పాలి. కొనేవాళ్ళ చెవిలో గుసగుసలాడటం ఆయనకు పరమ అసహ్యం. "వస్తువు వాళ్ళది. దాని జబ్బు ముందు తెలుసుకోవాల్సింది వాళ్ళు" అనేవారు. దీనివల్ల ఎందరితో మాట పోయిందో పెద్దమ్మను అడగాలి. ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర వియ్యంకుడి కారు లోపాలు వరసగా చెప్పి, ఆ పూట మా అందరి పరువూ తీశారు. నేను పోట్లాడాను కూడా. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, అడిగితేనే చెప్పానమ్మా అన్నారు.

ఇంతమందికి కార్లు చూసిపెట్టిన మనిషికి సొంత కారు లేదు. ఎందుకు కొనుక్కోరని అడిగితే, నాకు కావలసింది దొరకలేదనేవారు. అది దాటవేసే మాట అనుకునేదాన్ని. కాదు. కుర్రతనంలో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆయన్ని కాలువ లాకుల దగ్గర వేశారు. అప్పట్లో ఈ ప్రాంతంలో ఒక అమెరికా డాక్టరుగారు ఉండేవారట. ఆయనకు ఎర్రటి స్పోర్ట్స్ కారు ఉండేది. రెండే సీట్లు, స్టీరింగు ఎడమపక్క, పైకప్పు వెనక్కి మడిచేయొచ్చు. ఒకరోజు లాకుల్లోంచి పడవ వెళ్ళేదాకా ఆ కారు వంతెన దగ్గర ఆగింది. డాక్టరుగారు ఈయన్ని చూసి, తలుపు తీసి, ఎక్కమని చెయ్యి ఊపారు. ధవళేశ్వరం దాకా గట్టు మీద తీసుకెళ్ళి దింపారు. జరిగింది అంతే. కానీ ఆ సంగతి చెప్పినప్పుడల్లా మా పెదనాన్నగారు గాలికి జుట్టు ఎగురుతున్నట్టు నుదురు సవరించుకునేవారు. అక్కడ జుట్టు ఏనాడో పోయింది.

కిందటేడు ఒక బ్రోకరు నా ఫోనుకు ఒక ఫొటో పంపాడు. కొబ్బరితోటలో రేకుల షెడ్డు, లోపల ఎర్ర కారు. పెదనాన్నగారికి చూపించాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "అదే" అన్నారు. డాక్టరుగారు దేశం వెళ్ళిపోతూ ఎవరో రైసుమిల్లు ఆసామికి అమ్మేశారని ఆయన ఎప్పుడో విన్నారట. ఆ ఆసామి పోయారు. భార్య అమ్ముతోంది. పెదనాన్నగారు ఆ సాయంత్రమే పెద్దమ్మకు చెప్పేశారు, నచ్చితే కొనేస్తానని. పెద్దమ్మ, "కొనుక్కోండి. నన్ను మాత్రం అందులో చర్చికి రమ్మనకండి" అంది. అని ఇస్త్రీ పెట్టె తీసింది.

గోదారి అవతల ఉన్న ఆ ఊరికి రావులపాలెం వంతెన మీదుగా వెళ్తే సరిపోయేది. ఆయనకు నరసాపురం రేవులో కార్లను కూడా దాటించే పంటు ఎక్కి గోదారి దాటాలని ఉంది. నా కారును పంటు మీదకు ఎక్కించాక దిగి, రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. ఎస్సై కానిస్టేబులుకు చెప్పినట్టు నాకు జాగ్రత్తలు చెప్పారు. ఈ కారుకు ఒళ్ళంతా ఫైబరు, కాబట్టి అయస్కాంతంతో పని లేదు. పై మెరుపు చూసి మోసపోకూడదు. కింద ఛాసీ ఇనుము, అద్దం చుట్టూ చట్రం ఇనుము, తుప్పు తినేది వాటినే. ఇంజను మీద నంబరు సీ బుక్కులో నంబరుతో కలవాలి. తలుపు వేసినప్పుడు కింద నుంచి పైదాకా సందు ఒక్కలా ఉండాలి, లేకపోతే నడుం వంగిపోయిందని అర్థం. "నేను మురిసిపోతే నువ్వు కోప్పడాలి. ఇవాళ నా కళ్ళను నమ్మకు" అన్నారు.

ఆ ఇంటి మామ్మగారు వరండాలో లేసు అల్లుతూ కూర్చున్నారు. ఎనభై దాటి ఉంటాయి. తానే లేచి షెడ్డు తలుపు తీశారు. లోపల ఆ కారు ఎర్రరంగు నిగనిగలాడుతోంది. రెండు సీట్లకూ తెల్లటి లేసు తొడుగులు. ఆ అమెరికా కారు మన ఇంటి సోఫాలా ముస్తాబై కూర్చుంది. ఆవిడే అల్లారట.

"మా వారు దీన్ని కొడుకులా చూసుకున్నారండి. పనివాళ్ళని ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆదివారం ఆదివారం కాలవ రేవులోకి దింపి, చక్రాలు మునిగేదాకా నీళ్ళలో పెట్టి, స్వయంగా కడిగేవారు" అన్నారు ఆవిడ సంబరంగా.

పెదనాన్నగారు నా వైపు చూశారు. మన వైపు ఎడ్లనూ గేదెలనూ ట్రాక్టర్లనూ కడిగేది రేవులోనే కాబట్టి కారునూ అలాగే కడిగారు. ప్రేమతోనే కడిగారు. మాకు కొబ్బరినీళ్ళు తేవడానికి మామ్మగారు లోపలికి వెళ్ళగానే ఈయన గోనెపట్టా పరుచుకుని కారు కిందకు దూరారు. నేను టార్చి పట్టుకున్నాను. ఛాసీ పైకి నల్లరంగుతో బాగానే ఉంది. స్క్రూడ్రైవరు ఆనించి నొక్కితే మెత్తటి దిబ్బరొట్టెలోకి దిగినట్టు దిగిపోయింది. బయటకు లాగితే తుప్పుతో పాటు ఎండిన ఒండ్రు రాలింది. బోలుగా ఉండే ఆ ఇనుప దూలంలోకి వారం వారం కాలువ నీళ్ళు వెళ్ళాయి. నీళ్ళు పోయి ఒండ్రు నిలిచింది, అది ఏనాడూ ఆరలేదు. ఇంకో రెండుచోట్ల గుచ్చి చూశారు. అక్కడా అంతే.

బయటకు వచ్చి చొక్కా దులుపుకోలేదు. తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చున్నారు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, నీళ్ళలోకి చేప జారినట్టు జారి కూర్చున్నారు. కాళ్ళు హాయిగా చాపారు. జేబులో మూట అడ్డొచ్చిందేమో, తీసి స్టీరింగు రాడ్డుకు అతికించారు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, షెడ్డు తలుపులోంచి కనిపిస్తున్న కొబ్బరిచెట్ల వైపు చూస్తూ ఉండిపోయారు. కోప్పడమని నాకు చెప్పారు కదా. నా వల్ల కాలేదు.

మామ్మగారి అడుగుల చప్పుడు వినిపించగానే ఆయన దిగేశారు. ఆవిడ గ్లాసు అందిస్తూ అడిగారు, "చూసేరా అండి? మా వారు బాగానే చూసుకున్నారా దీన్ని?"

ఈయన సంగతి నాకు తెలుసు కదా. వియ్యంకుణ్ణి వదలని మనిషి.

"చాలా బాగా చూసుకున్నారండి. ఇలా చూసుకున్నవాళ్ళని నేను చూళ్ళేదు" అన్నారు పెదనాన్నగారు. "లోపం నాదండి. కూర్చుని చూసేను, నా మోకాళ్ళు వంగట్లేదు. వయసైపోయింది."

ఆవిడ మొహం చిన్నబోయింది, వెంటనే తేరుకుంది కూడా. ఈయన ఇంకో మాట అన్నారు. దీన్ని ఇంక ఎవరికీ అమ్మొద్దని, రోడ్డెక్కించొద్దని. ఇది నడపడానికి కాదండి, చూసుకోవడానికి అన్నారు. రేవుకు కూడా పంపకండి, తడిగుడ్డ పెట్టి తుడిస్తే చాలన్నారు. ఆవిడ శ్రద్ధగా తలూపారు. అక్కణ్ణుంచి గేటు దాకా పెదనాన్నగారు నా భుజం పట్టుకుని కుంటుకుంటూ నడిచారు.

తిరుగు పంటు గోదారి మధ్యకు వచ్చాక చెప్పారు. "నడిపితే మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గర నడుం విరుగుద్ది. ఆయన కడిగీ కడిగీ చంపేడమ్మా దాన్ని. ఆ మాట ఆవిడకెలా చెప్తాను?" కళ్ళు తుడుచుకోవడానికి జేబులో చెయ్యి పెట్టారు. రుమాలు లేదు. స్టీరింగు రాడ్డుకే ఉండిపోయింది. అవతల ఒడ్డుకు చేరాక వెనక్కి వెళ్దామన్నాను.

"వద్దు. మళ్ళీ ఆ షెడ్లోకి వెళ్తే నేను కొనేస్తాను" అన్నారు.

ఆ తర్వాత ఆయన ఎవరికీ కారు చూసిపెట్టలేదు. ఎవరైనా వస్తే, అయస్కాంతం ఊరెళ్ళిందనేవారు. వాళ్ళకు అర్థమయ్యేది కాదు, పెద్దమ్మ నవ్వేది. ఇంకొకటి కొనితెస్తానంటే నా మీద విసుక్కున్నారు. సాయంత్రాలు గోదారి గట్టు మీద బల్ల మీద కూర్చుని వచ్చేపోయే కార్ల చప్పుడు వినేవారు. ఏదో ఒక కారు వెళ్ళాక, బేరింగు పోతోంది పాపం అనేవారు, దాని యజమాని మా పక్కనే ఉన్నట్టు మెల్లగా.

ఆయన జ్ఞాపక కూడిక అయిన మర్నాడు నేనొక్కదాన్నే పంటు ఎక్కి గోదారి దాటాను. మామ్మగారికి చెప్పాలనిపించింది. ఆ మూట తెచ్చుకోవాలని కూడా ఉంది. నిజం చెప్పాలంటే దానికోసమే వెళ్ళాను. కబురు విని ఆవిడ అల్లుతున్న లేసు ఒళ్ళో పెట్టేసుకున్నారు. కాసేపటికి లేచి షెడ్డు తలుపు తీశారు. కారు అప్పటికన్నా మెరుస్తోంది. మూట ఆయన పెట్టినచోటే, స్టీరింగు రాడ్డుకు ఉంది. రుమాలు మాత్రం ఉతికి, మళ్ళీ అలాగే ముడివేసి ఉంది.

"మర్చిపోయిన వస్తువు కోసమైనా వస్తారనుకున్నానమ్మా. వస్తే ఇంకోసారి కూర్చోమందామని" అన్నారు ఆవిడ. తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు. "ఒక్కటడుగుతాను, నిజం చెప్పు. ఆ వేళ మోకాళ్ళేనా? మా వారి చేతిలో ఏదన్నా పాడైందా ఇది?"

కారు చెడ్డదైతే యజమాని ఎదురుగానే చెప్పాలని నాకు నేర్పిన మనిషి గురించి ఇదంతా రాస్తున్నాను. ఆవిడ కళ్ళలోకి చూసే చెప్పాను.

"మోకాళ్ళేనండి. చివరిదాకా ఆయన్ని బాధపెట్టాయి."

ఆవిడ బరువు దిగినట్టు నిట్టూర్చి, మూట తీసి నా చేతిలో పెట్టారు. దాన్ని అరచేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాను. తీసుకెళ్ళాలని అనిపించలేదు. కారులోకి వంగి మళ్ళీ రాడ్డు దగ్గరకు పోనిచ్చాను. ఇంకా ఆనకముందే అది నా వేళ్ళలోంచి లాక్కుని వెళ్ళి టక్కున అతుక్కుంది. నేను గేటు దాటుతూ వెనక్కి చూసేసరికి మామ్మగారు తడిగుడ్డ పిండి, ఆయన చెప్పినట్టే, బానెట్టు తుడుస్తున్నారు.