తారు పూసిన దూలాలు

నా చిన్నప్పుడు రాజోలు దగ్గర మా ఊళ్లో కాలువ మీద ఏ వంతెన వేసినా కలప మాదే. మా ముత్తాతగారూ, తాతయ్యా మునసబులు. సర్కారు పని అయినా సరే, తాడిదూలాలు మా లంకతోట నుంచే రావాలి. బయటి దుంగ ఊళ్లోకి రావడం మాకు తలవంపులు. ముదురు తాడిచెట్టు చేవ నల్లగా, ఇనుములా ఉంటుంది. ధాన్యం బండి వెళ్లినా ఆ దూలం కదిలేది కాదు.

నేను బడిలో చేరిన ఏడు పాత వంతెన శిథిలమై కొత్తది మంజూరైంది. అప్పటికే లంకలో మా ముదురు చెట్లన్నీ కోర్టు దావాల కోసం అమ్ముడైపోయాయి. ఆ సంగతి ఊరికి తెలియదు. రామచంద్రపురం అడితి నుంచి కలప తెప్పిస్తానన్నాడు ఓవర్సీరు.

"మేం ఉండగా బజారు కలపేవిటండీ?" అన్నారు తాతయ్య.

మిగిలిన లేతచెట్లు కొట్టించి, దూలాలకు దట్టంగా తారు పూయించారు. పుచ్చకుండా తారు పూయడం మామూలే కనుక ఎవరూ అనుమానించలేదు. తారు కింద లేతదీ ముదురుదీ ఒకటే నలుపు.

"లేతవి కదండీ" అంది నాయనమ్మ, గుమ్మం చాటు నుంచి.

"రెండేళ్లు ఆగుతాయిలే. ఈలోగా మంచివి వేయిద్దాం."

ఆగలేదు. మొదటి వానాకాలమే, కాలువ నిండుగా పారుతుండగా, పక్కింటి అక్క పాలబిందెతో దాటుతుంటే దూలం నడిమికి విరిగింది. నాకు పలక మీద అక్షరాలు దిద్దించింది ఆ అక్కే. మర్నాడు తూము దగ్గర శవం దొరికింది.

విచారణకు అధికారి వచ్చాడు. కరణంగారు ముందే అందుకున్నారు.

"ఆయ్, వరద తోసేసిందండీ. మునసబుగారి కలపకి వంకేం లేదండీ."

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. అక్క వాళ్ల నాన్నగారు కూడా ఊపారు. అది చూసి తాతయ్య మనసులో ఏం కదిలిందో, ఎవరి చేతిలోదో కొడవలి తీసుకుని, ఒడ్డుకు లాగి పడేసిన దూలం మీద తారు గీకారు. లోపల తెల్లటి పీచు, నానిన బెండు.

"లేతచెట్టండి. నాదే. తెలిసే ఇచ్చేను."

అక్క వాళ్ల నాన్నగారు వంగి ఆ తెల్లటి పీచును వేలితో తడిమారు.

"ముందే చెప్పుంటే మా అమ్మాయి లాకుల మీంచి చుట్టూ తిరిగెళ్లేదండీ, మునసబుగారూ" అన్నారు. ఆ గొంతులో కోపం కూడా లేదు.

తాతయ్యకు ఆ విచారణతో మునసబీ పోయింది. ఆయన నిజం ఒప్పుకున్నారని మావాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. నేనూ తలెత్తుకునే చెబుతాను. కానీ చెప్పిన ప్రతిసారీ ఆ తండ్రి మాట చెవిలో పడుతుంది. అందుకే నా ఇంట లేనిదాన్ని ఉందని ఏనాడూ అనలేదు. అడిగినవాళ్లకు అడిగిన క్షణమే లేదని చెప్పాను. పొగరన్నారు. అననిచ్చాను.

ఆ వంతెనను టేకు కలపతో మళ్లీ వేయించడానికి తాతయ్య కాలువగట్టు కొబ్బరితోట అమ్మేశారు.